ఆరో లెక్క

ఏడో తరగతి. కాలం, దూరం.
పుస్తకంలో విమానం
రెండు మహానగరాల మధ్య ఎగురుతుంది.
మా పిల్లలకు ఆ రెండూ ఒకటే,
ఏదీ చూడలేదు గనక.
రెండు పేర్లూ తీసేసి నల్లబల్ల మీద ఇట్లా రాశాను:
కోసిగి నుంచి గుంటూరుకు ఆకాశమార్గాన
మూడువందల నలభై కిలోమీటర్లు అనుకొనుము.
విమానం వేగం గంటకు ఆరువందల ఎనభై.
ఎంతసేపట్లో చేరును?

వెనక బెంచీలో నవ్వులు.
కోసిగిలో రైళ్లే సగం ఆగవు,
కూతేసి పోతాయి.
విమానమంట, దిగుతుందంట!
"యాడ దిగుతాది సార్, సంత కాడనా?"
అన్నాడు తాయన్న.
అనుకుందాం లేరా, అన్నాను.
లెక్కల్లో అన్నీ అనుకోవడమే.

అరగంట, అని ముందుగా అరిచింది భీమేశు.
ఒప్పు.

డిసెంబరు నుంచి బడికి రాని ఉలిగమ్మ
మొన్న సోమవారం వచ్చింది
సుగ్గి నుంచి.
నోటుబుక్కు ఇంకా కొత్తది, అట్ట వేయలేదు.
ఆరో లెక్క కింద, గీతలు దాటకుండా,
ఆ పిల్ల రాసింది ఇది:

"బండి మాపున రావల్ల. వచ్చేతలికి కోడి కూసె.
జొన్నపిండి మూటలు, కట్టెలు, మాయవ్వను
ఎక్కిచ్చేకి రెండు గంటలు.
ఎమ్మిగనూరులో డీజిలు.
నంద్యాలలో పోలీసాయప్ప అందర్నీ దింపి ఎంచె,
యాభై నాలుగు మంది ఉంటిమి.
మేస్త్రి ఆయప్పను పక్కకు పిల్చకపోయి మాట్లాడె.
అరగంట.
గిద్దలూరు ఘాట్లో మా చెల్లెలు అయిదు తూర్లు కక్కె.
బండి ఆపలేదు కాబట్టి ఆ టైము కలపలేదు.
దిగినంక చేను కాడికి నడక.
ఎంతసేపో తెలీదు, నిద్దరలో నడిస్తిమి."

జవాబు కింద రెండు గీతలు.
దాని కింద మళ్లీ, చిన్న అక్షరాల్లో:
"వచ్చేటప్పుడు కూలి లెక్క తేలక
ఒక దినమంతా కల్లంలోనే కూచుంటిమి.
అది కలపవల్లనా, వద్దా సార్?"

నేనొకసారి విమానమెక్కాను.
ఓర్వకల్లు నుంచి విశాఖకు, ఏదో శిక్షణకు.
ఇంటి నుంచి ఓర్వకల్లు చేరడానికి పట్టినంతసేపు
గాలిలో లేను.
కిటికీ పక్క సీటు దొరికింది.
కింద ఘాట్ రోడ్డు
ఎవరో గోటితో గీసినంత సన్నగా.
దాని మీద ఏ బండైనా కదులుతోందో లేదో
నాకు కనపడలేదు, నేను వెతకనూ లేదు.
ఇచ్చిన బిస్కెట్టు పొట్లం విప్పి
నాలుగూ తినేలోపు
నల్లమల అయిపోయింది.

ఎర్ర పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను.
భీమేశు అరగంట తప్పు కాదు.
పుస్తకం వెనక జవాబుల్లో
దాని పక్కన ఇంకో జవాబుకు చోటు లేదు.

గంట కొట్టారు. పిల్లలు అన్నం పళ్లేలతో పరిగెత్తారు.
ఉలిగమ్మ మాత్రం బల్ల దగ్గరే నిలబడింది,
నోటుబుక్కు కోసమో, మాట కోసమో.
కలుపు, అన్నాను.
"దినానికి ఇరవై నాలుగేనా సార్,
కూచున్న దినానికి గూడా?"
దానికి గూడా.

తల ఊపి, పేజీ తిప్పడానికి
వేలు నాలికకు అద్దుకుంది,
చురుక్కుమన్నట్టు
వెంటనే తీసేసింది.