ఖాళీ గడి

తార్తూలో మార్చి. నది మీద మంచు ఇంకా విరగలేదు.
చిత్తడి నేలల మీద మేం తెచ్చే పత్రిక చిన్నది:
ఏడాదికి రెండు సంచికలు, మూడొందల మంది పాఠకులు,
ఒక హీటరు, ఉర్మాసూ నేనూ.

గుమ్మడికాయ దొంగెవరని అడక్కముందే
అందరి భుజాలూ తడిమే యంత్రం ఉంది మా దగ్గర.
కాస్పర్స్ వ్యాసాన్ని తడిమి
పదకొండు శాతం అంది. ఆకుపచ్చ దీపం చూపింది.
పదకొండంటే ఏముంది,
"ఈ ప్రాంతపు సగటు వర్షపాతం" అని
ఎవరు రాసినా ఆమాత్రం పోలిక వస్తుంది.
అచ్చేశాం. సంతకం నాదే.

అక్టోబరులో ఎండెల్ వచ్చాడు,
బురద బూట్లు గుమ్మంలోనే విప్పి,
చంకలో గోధుమరంగు అట్ట.
పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, టైపు మిషను,
మూడో కార్బన్ కాపీ.
లెయిదా కుర్వెట్స్ పరిశోధన, ఎస్తోనియా భాషలో.
ఏ యంత్రానికీ ఎవరూ తినిపించనిది.

నలభై ఆరో పేజీ. పట్టిక.
ఊబినేలలో నీటిమట్టం, రోజుకో అంకె.
జూన్ పధ్నాలుగు దగ్గర ఖాళీ.

పక్కన కాస్పర్స్ పట్టిక పెట్టాడు.
ఊరు వేరు. సంవత్సరం వేరు.
ప్రతి అంకెకీ రెండు సెంటీమీటర్లు కలిపి ఉన్నాయి.
జూన్ పధ్నాలుగు దగ్గర
అదే ఖాళీ.

అంకెలన్నిటికీ చొక్కాలు మార్చాడు గానీ
ఖాళీకి ఏం తొడగాలో తోచలేదు పాపం.
అడుగున చిన్న అక్షరాల్లో,
"పరికరం పనిచేయలేదు."

ఉత్తరం మూడుసార్లు రాశాను.
మొదటిదాంట్లో ఆ మాట ఉంది, కొట్టేశాను.
రెండోది ఎంత మెత్తగా వచ్చిందంటే
తప్పు నేనే చేసినట్టుంది.
మూడోది ఇది: మీ క్షేత్ర నోటుపుస్తకాలు
ముప్ఫై రోజుల్లోగా పంపగలరు.

ఇరవై తొమ్మిదో రాత్రి జవాబు.
నోటుపుస్తకాలు లేవు.
సరిహద్దు ఊరి కుర్రాడు, రెండు భాషలూ వచ్చు,
డిసెంబరుతో స్కాలర్‌షిప్ ఆఖరు,
ఇంకో వ్యాసం ఉంటేగాని పట్టా ఇవ్వరు.
చివర్న ఒక వాక్యం:
"దాన్ని ఎవరూ చదవరనుకున్నాను."

కోపం వచ్చింది.
తర్వాత, నేనూ చదవలేదని గుర్తొచ్చింది.

విల్యాందికి ఫోన్ చేశాను. లెయిదాకి డెబ్బై ఎనిమిది.
విషయమంతా విని, చాలాసేపు
పొయ్యి మీద కెటిల్ చప్పుడు మాత్రమే వినిపించింది.
"పధ్నాలుగా? ఆ రోజు మా పోంతు ఊబిలో దిగబడింది.
కుక్కని బయటికి లాగేసరికి చీకటి పడింది.
ఇక కొలత ఎవరు చూస్తారు?"
మళ్ళీ కెటిల్.
"ఆ అబ్బాయి ఒక్కసారైనా అక్కడికి వెళ్ళాడా?"
తెలీదన్నాను.
"జూన్‌లో వెళ్ళమను. దోమలుంటాయని చెప్పు."

వాళ్ళ విశ్వవిద్యాలయానికి రాశాం,
వాళ్ళు కమిటీ వేశారు, కమిటీ సెలవులకెళ్ళింది.
ఉపసంహరణ ప్రకటన మాత్రం ఆపలేదు.
నాలుగు పంక్తులు నియమం ప్రకారం.
ఐదోది ఉర్మాస్ వద్దన్నా నేను కలిపాను:
"పాత ప్రతిని సంపాదకులు వెతకలేదు."
వ్యాసం ప్రతి పేజీ మీదా ఇప్పుడు
ఏటవాలుగా ఒక ఎర్రటి మాట.
దాని కింద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి.
చెరిపెయ్యకూడదు, అదీ నియమమే.

ఇప్పుడు మంగళవారాలు ఎండెల్ వస్తాడు.
నేలమాళిగలోంచి పాత పరిశోధనలు మోసుకొస్తాడు,
ఒక్కో పేజీ అద్దం మీద బోర్లిస్తాను,
యంత్రానికి ముద్దలు కలిపి పెడుతున్నట్టు.

నలభై ఆరో పేజీ దగ్గర స్కానరు ఆగి అడిగింది:
ఇక్కడ ఏదో లోపించినట్టుంది, సరిచేయమంటారా?

వద్దు, అని నొక్కాను.