డబ్బెడు నూనె

ముసఫ్ఫా సనాయియాల మధ్యాహ్నం రెండింటికి
రేకుల కింద కూడా
పానా ముట్టుకుంటే చెయ్యి కాలుతది.

గుల్ జమీర్ పాత మెర్సిడెస్ టిప్పరు.
డీజిల్ పోయించిన ప్రతిసారీ
టూ స్ట్రోక్ నూనె ఓ డబ్బా వంపెటోడు,
బిస్మిల్లా అని.
"ఇప్పటి డీజిల్ల పస లేదు లింబా భాయ్,
గంధకం తీసేసిండ్రు, ఒట్టి నీళ్లు.
పంపుకు గొంతెండిపోతది."

పదకొండేండ్లు అద్దనే అన్న.
మండేది మండాలె, జారేది జారాలె,
దీపంల పోసేది తలకు రాసుకుంటమా?
నవ్వెటోడు.
నస్వారు ఉమిసి బండెక్కెటోడు.

నిరుడు వీసా క్యాన్సిల్ చేసుకొని
స్వాత్ పోయిండు.
టిప్పరును అర్బాబు తుక్కుకమ్మిండు.
విప్పే పని నాకే వచ్చింది.

పంపు విప్పిన.
ప్లంజరు మీద ఒక్క గీత లేదు,
అద్దం లెక్క నా మీసం కనవడ్డది.
ఇంజెక్టర్లు తీసిన.
ముక్కులన్ని మసి,
మాడిన బువ్వ అడుగంటినట్టు,
గోరుతోని గీకితే గోరే ఇరిగింది.

ఫోన్ చేద్దామనుకున్న.
ముందు ఏది చెప్పాలె?

గీ పొద్దు కమ్మర్‌పల్లి పోరడు
కొత్త వోల్వో కాడ డబ్బా పట్టుకొని నిలవడ్డడు:
"పొయ్యాల్నా మామా?"
"దానికద్దురా.
పొగగొట్టంల జల్లెడుంటది,
ఊపిరాడక సస్తది."
"మరి పాత బండ్లకు?"

కాంప్రెసర్ మోగుతున్నది,
ఇనవడనట్టే ఉన్న.

ప్లంజరును తుక్కుల ఎయ్యలే.
తువ్వాలల సుట్టి
మంచం కింద పెట్టెల దాసిన.
అంగీలన్ని డీజిల్ వాసన.