మత్రా, మూడో రోజు

మస్కట్‌కొచ్చిన మూడో రోజుకే నోటుబుక్కు సగం నిండింది.
చేతి చెమటకి సిరా కారి
'కొండలు' అన్న మాట పక్క పేజీకి అంటుకుంది.
ఆదివారానికి ఎనిమిది వందల మాటలు కావాలి ఎడిటర్‌కి.

సంతలో సాంబ్రాణి ముక్క కొరికి
చేదు, అని రాసుకున్నాను.
'ప్రాచీన రేవు' అని మూడుసార్లు రాసి
రెండుసార్లు కొట్టేశాను.

చేపల మార్కెట్ మెట్ల మీద
నల్ల అబాయా, కింద హవాయి చెప్పులు.
నా అక్షరాల్లోకి తొంగిచూసి,
"తెలుగోరాండీ?"

నూకరత్నం. మలికిపురం అవతల.
ఏడేళ్లుగా ఒకే ఇంట్లో వంట.
ఈ ఊరెలా ఉంటుందని అడిగితే
"వెనక గేటు నుంచి ఇక్కడిదాకా తెలుసండీ,
ఆపైన మీరే చెప్పాలి."

చదివి వినిపించాను.
సముద్రం రంగుకి తలూపింది.
కోట బురుజు దగ్గర ఆవలించింది.
"ఆయ్, బాగుందండీ.
వంజరం ధర రాయలేదేం?"

కిలో రెండున్నర రియాళ్లు.
తొమ్మిది దాటితే రెండుకే ఇస్తాడు.
మొప్ప ఎత్తి చూడకుండా మాత్రం కొనకూడదు,
ఎర్రగా ఉంటేనే.

సంచీ భుజానేసుకుని
వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది, యజమానురాలికి టైమైందని.

రాత్రి లాడ్జి గదిలో
ఒక్కో పేజీ మొప్ప ఎత్తి చూశాను.
మిగిలిన ఆ ఒక్క 'ప్రాచీన రేవు'
తెల్లగా పాలిపోయి ఉంది.