ఎనిమిది లోపు

అరసవల్లి వెళ్లే దారిలో మా అద్దె ఇల్లు.
అంటే సూర్యుడికి ఇరుగుపొరుగు వాళ్లం,
రథసప్తమికి క్యూలో నిలబడి పలకరించొచ్చే చుట్టరికం.
అయినా మే నెలొస్తే ఆయనకి మొహమాటం ఉండదు.
ఎనిమిది దాటితే
డాబా మీద ఆరేసిన తువ్వాలు కూడా కరుస్తుంది.

అందుకని ఆదివారం మా షికారు
నాలుగున్నరకే మొదలు.
తనూజ్ కళ్లు తెరవకుండానే నిక్కరు తొడిగించుకుంటాడు.
మోక్షితకి చెప్పు ఒకటే దొరికింది.
రెండో కాలికి తమ్ముడి పాతది, మడమ బయటికి.
"ఎక్కడికమ్మా?"
"ఏటికి."
"అదే, ఏటికని అడుగుతన్నాను!"
వాళ్ల నాన్న నవ్వలేక
బండి కిక్కు మూడుసార్లు తప్పాడు.

పాత వంతెన దీపాలింకా ఆరలేదు.
నాగావళి ఈ నెల్లో ఏరు కాదు,
జడ విప్పేశాక దిండు మీద మిగిలిన రిబ్బను.
మిగతాదంతా ఇసక.
అవతలి గట్టు నుంచి బెండకాయల తట్టలు
మనుషుల తలలెక్కి నడిచొస్తున్నాయి.
ఒకాయన గేదెని తోముతూ
దానికేదో కోర్టు కేసు గురించి చెప్పుకుంటున్నాడు.

"ఇక్కడ తవ్వు" అన్నాను.
పైపొర గోరువెచ్చన,
నిన్నటి ఎండ ఇంకా దిగలేదు.
జానెడు లోతున చెమ్మ.
మోచేతిదాకా వెళ్లేసరికి తనూజ్ కెవ్వుమన్నాడు.
"సలి! అమ్మా, లోపల సలి ఉంది!"
చుట్టూ ఇసక జారి జారి ఆగింది.
మధ్యలో నీళ్లు
అడుగు నుంచి, చప్పుడు లేకుండా,
అడక్కుండా ఇచ్చిన అప్పులాగ.

"ఎవరు దాచేరమ్మా?"
"ఏరే."
"ఎవరికి తెలీకుండా?"
తూర్పు వేపు గడ్డంతో చూపించాను.
అప్పుడే ఎర్రబడుతున్నాడు మా పొరుగాయన.
వాడు గబుక్కున రెండు చేతులూ
చెలమ మీద కప్పేశాడు.

క్యారేజీలో చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ.
ఇంట్లో బతిమాలితే మూతి తిప్పే పిల్ల
గిన్నె అడుగు వేలితో గీకింది.
మా ఆయన ఫోను చూడలేదు.
చూడలేదని నేనూ అనలేదు,
అంటే గుర్తొస్తుందని.

ఏడుంబావుకి ఇసక గుర్తుచేసింది.
పిల్లాడు నాన్న మెడ మీదకి,
మోక్షిత మాత్రం దిగనంది, పెద్దదయింది కదా.
సొంత చెప్పున్న కాలు నడుస్తుంది,
తమ్ముడి చెప్పు కాలు గెంతుతుంది,
"ఓలమ్మా ఓలమ్మా" అని గట్టుదాకా తాళం.
బండి సీటు మీద సీసాలో మిగిలిన నీళ్లు పోస్తే
పెనం మీద అట్టు పోసినట్టు.

ఏడు రోడ్ల కూడలిలో ముంజలు.
బొటనవేలు దిగగానే
తనూజ్ చొక్కా మీద ఒక ఏరు.

ఇంటికొచ్చేసరికి ఎనిమిదికి అయిదు నిమిషాలు.
మేడ మీద పారమ్మగారు మెట్ల మీదే పట్టుకుంది.
"గుంటల్ని ఎండలో తిప్పి తెస్తావేటే?"
జవాబేం చెప్పలేదు,
కిటికీలకి తడిపిన దుప్పట్లు కట్టుకోవాలి.
మధ్యాహ్నం కరెంటు పోయింది.
చీకటి గదిలో విసనకర్ర ఆపిన ప్రతిసారీ
వాడి నిక్కరు జేబులోంచి
చాప మీదకి ఇసక జారుతున్న సన్నని చప్పుడు.

పై ఆదివారం మళ్లీ వెళ్లాం.
వాడి చెలమ వాడికి కనిపించలేదు.
గేదె ఆయన్ని అడిగాడు, ఆయనా చూడలేదట.
ఏడుపు మొహంతోనే పక్కన ఇంకోటి తవ్వాడు.
నీళ్లొచ్చాయి.
"అయ్యే నీళ్లు" అంటాడు తను.
"కాదు, అయ్యి సముద్రంకెళ్లిపోయుంటాయి" అంటుంది మోక్షిత.
ఎనిమిదయ్యేదాకా తేల్లేదు.
బండెక్కాక కూడా
నా నడుం మీంచి అటూ ఇటూ
అదే గొడవ.