ఎత్తు కర్ర

నా చేతిలో ఉండేది రంగేసిన కర్ర.
నూటపది దగ్గర ఎర్ర గీత.
గీత దాటితే ఎక్కొచ్చు,
దాటకపోతే పక్కన నిలబడాల.
అంతే నా ఉద్యోగం, చంద్రగిరి దావలో
కొత్తగా పెట్టిన ఉడుత బండి కాడ.

ముందు పెట్టెకు ముక్కూ మీసాలూ,
వెనక పెట్టెకు తోక.
ఇంటిల్లిపాదీ ఎక్కొచ్చని బోర్డు.
ఒక నిమిషం పదకొండు సెకన్లు.
దిగొచ్చినోళ్ళు చెప్పులు వెతుక్కుంటా
నేనడక్కపోయినా నాకే చెప్పిపోతారు.

దామలచెరువు మామిడి మండీ నాగభూషణం:
"ఈ రేటుకు ఇంతేనా?
తోతాపురి గంప ఎత్తి దించినంత సేపు లేదే!"
ఆయన భార్య మాత్రం చెంగు నోట్లో కుక్కోని
కళ్ళు తుడుచుకుంటా ఉండాది,
నవ్వో ఏడుపో నాకు తెలీలా.
కొండ బస్సు డ్రైవర్ గురవయ్య,
సెలవు రోజు గూడా కాకీ ప్యాంటే,
"మలుపు బాగానే కోసినారు గానీ
హారన్ కొట్టని మలుపు ఒక మలుపా?" అన్నాడు.
రుయాలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన నర్సమ్మ
"రెండో గుట్ట మీద రవంత నిద్ర పట్టింది" అనింది.
నేను నమ్మినా.
ఇంజనీరింగ్ పిల్లోళ్ళు నలుగురు
చంటిబిడ్డల ఊయలని ఎగతాళి చేసి
మళ్ళీ పోయి లైన్లో నిలబడినారు.

పాకాల కనకవల్లి అవ్వ
కట్టుడు పళ్ళు తీసి మనవడి జేబులో వేసి ఎక్కింది.
దిగినాక ఏందో చెప్పింది.
పళ్ళు లేవు గదా, అర్థం కాలా.
చెయ్యి పైకెత్తి, జారవిడిచి,
మళ్ళా పైకెత్తి చూపించింది.
ఆ పొద్దు విన్నవాట్లో
నాకు గుర్తుండేది ఆ చెయ్యి ఒకటే.

శని ఆదివారాల్లో గుండ్లు జాస్తి.
కొండ దిగి నేరుగా ఈడికే వస్తారు,
గంధం ఇంకా ఆరని గుండ్లు, పదీ పన్నెండూ వరసగా,
ఎండలో బోర్లించిన ఇత్తడి చెంబుల మాదిరి.
ఎగిరే జుట్టు ఒక్కటీ లేకుండా
బండి దూకేది చూస్తే
అది మెల్లగా పోతా ఉన్నట్టుంటాది.

మొన్న అట్లనే పుంగనూరు కుటుంబం.
వాళ్ళ లోహిత్ నన్ను గుర్తుపట్టినాడు.
"పోయిన నెల ఎక్కినా గదక్కా!"
నిజమే. అప్పుడు కోడిపుంజు జుట్టు.
గీతకు తగిలిందని పంపించేసినా.
ఇప్పుడు గుండు. గీతకు వేలెడు కింద.

వాళ్ళమ్మ గొడవకొచ్చింది:
"దేవుడికిచ్చిన జుట్టును నువ్వు లెక్కలో కోస్తావా?"
సూపర్వైజర్ లోకనాథం దూరం నుంచే
చెయ్యి అడ్డంగా ఊపినాడు.
జుట్టు అదిమి కొలవాల్సింది పోయిన నెలే.
ఆ మాట మాత్రం నేను చెప్పలా.

అందరూ ఎక్కినారు. వాడొక్కడే
నా పక్కన స్టూలు మీద.
పట్టుకోమని కర్ర ఇచ్చినా.
ఏడుస్తాడనుకుంటే
గమ్మున బండినే చూస్తా కూచున్నాడు,
మూడు రౌండ్లు, నాలుగు.
"అక్కా, ఎక్కేటప్పుడు తలా ఒక మాట అంటారు.
దూకేటప్పుడు అందురిదీ ఒకటే అరుపు.
కిందికొచ్చినాక మళ్ళా కొట్లాడతారు."

మూడు నెల్లుగా ఈడే నిలబడుండా.
నాకు వినపళ్ళా.

"నువ్వెక్కినావా? ఎట్లుండాది?"

ఎవురూ అడిగింది లేదు.
"పొద్దున్నే ఇసుక మూటలు పెట్టి తిప్పుతారు.
ఒకనాడు మూట చిరిగుంటే బదులు నన్ను కూచోమన్నారు.
మూటలు అరవలా. నేనూ అరవలా."

వాడు శానాసేపు ఆలోచించినాడు.
"అయితే నువ్వింకా ఎక్కలా," అన్నాడు.

పోయే ముందు కర్రను నా పక్కన నిలబెట్టినాడు.
ఎర్ర గీత పక్కటెముకల కాడ ఆగింది.
తల ఎత్తి నన్ను పైదాకా చూసి,
లోకనాథం మాదిరి గొంతు పెట్టి,
"ఎక్కొచ్చు" అన్నాడు.