కుడి బొటనవేలు

అక్టోబరు చివర.
మంచు స్కూటరుకి మంచు చాలదు,
పడవకి నీళ్ళు మిగల్లేదు.
ఫిన్‌మార్క్ పీఠభూమి మీద ఈ పది రోజులూ
నాలుగు చక్రాల బండిదే రాజ్యం.

బయల్దేరే ముందు బూట్లలో గడ్డి కూరతాను.
ఆగస్టులో చిత్తడిలో కోసి,
రాతి మీద మోది, జడలల్లి దాచిన గడ్డి.
మేనత్త రిస్తెన్ నేర్పిన పని.
"చెమ్మని గడ్డికిచ్చెయ్, వేడిని నువ్వుంచుకో" అనేది.
మేనల్లుడు యోవ్నా నవ్వుతాడు.
వాడి మేజోళ్ళలో బ్యాటరీ ఉంది.
మొన్న నది దాటకముందే అది చచ్చింది.
నేనేమీ అనలేదు.

ఒంటికి ఆనుకుని ఉన్ని. దాని మీద ఉన్ని.
నూలు వద్దే వద్దు,
చెమటని కడుపులో పెట్టుకుని
మెట్టెక్కి గాలి తగలగానే పగ తీర్చుకుంటుంది.
జాకెట్ కింద నిన్నటి పేపరు, రెండు మడతలు.
వాతావరణం పేజీ గుండెకి ఆనింది.
అందులో మైనస్ ఏడు అని రాశారు, పాపం,
నిలబడ్డవాళ్ళ లెక్క అది.
బండి కదిలిందా, వేగం ఎంతో చలి అంత.
మెల్లగా పోతే రెయిన్‌డీర్లు కొండ దాటిపోతాయి,
జోరుగా పోతే నేనే మిగలను.

హ్యాండిల్‌కి పాత తోలు తొడుగులు కుట్టాను,
లోపలా బొచ్చే, బయటా బొచ్చే.
ఎడమ చెయ్యి అందులో పిల్లిలా పడుకుంటుంది.
కుడిచేతి నాలుగు వేళ్ళూ ఒకదాన్నొకటి కప్పుకుంటాయి.
బొటనవేలు ఒక్కటే విడిగా చాచుకుని
ఇనప మీటని నొక్కుతూ ఉండాలి,
గంటల తరబడి.
ఒక్క విద్యైనా నేర్పకుండానే
బొటనవేలిని దక్షిణ అడుగుతుంది ఈ నేల.

మీటకి తోలుముక్క చుట్టాను. దాని మీద టేపు.
వేడెక్కే పిడులు రెండేళ్ళుగా వేడెక్కట్లేదు.
అరగంటకోసారి దిగి
చేతులు రెండూ గిరగిరా తిప్పుతాను,
దూరాన ఎవరినో తిడుతున్నట్టు.
వెనక పెట్టెలోంచి చాప్పె వింతగా చూస్తుంది.
కుక్కకేం, ముక్కు తోకలో దాచుకుంటుంది.
తర్వాత ఇంజను పక్కన మోకరిల్లి, గ్లవ్ తీసి,
ఇనుము తగలకుండా, సెగ మాత్రం తగిలేలా
వేలు చాస్తాను.
ఆ ఎడం ఎంతో కొలిచి చెప్పలేను.

ఇవాళ మూడోసారి ఆగినప్పుడు కనిపించాయి:
బిర్చి చెట్ల చివర, నూట యాభై దాకా.
ఊపిరులన్నీ కలిసి ఒకే మబ్బు.
వీపుల మీద పడ్డ మంచు మాత్రం కరగలేదు.
వేడి ఒక్క రవ్వ కూడా బయటికి పోనివ్వవు!
నేనా, ఉన్ని తొడిగి, పేపరు కట్టి, పెట్రోలు కాల్చి...
కాస్త సిగ్గేసింది.
చుట్టూ తిరిగి, అదిలించి, దొడ్డి వైపు మళ్ళించేసరికి
రెండు గంటలు. దిగడం మర్చిపోయాను.

గుడిసె చేరేసరికి చీకటి.
బొటనవేలు కొవ్వొత్తి ముక్కలా ఉంది.
చంకలో పెట్టుకుని కూర్చున్నాను.
మొదట ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే భయం.
తర్వాత సూదులు. తర్వాత నిప్పు.
కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే
హమ్మయ్య అనుకున్నాను.

యోవ్నా పొయ్యిలో కట్టె సర్దుతూ
నా వైపు చూడకుండా అడిగాడు:
"ఆ గడ్డి ఇంకా ఏమైనా ఉందా?"

ఎడంచేత్తో సంచి విసిరాను.