వెయ్యిన్ని మూడు

అచావో రేవులో వానకిది మూడోరోజు.
ఆల్చిప్పల సహకార సంఘం గదిలో
కట్టెల పొయ్యి మీద కెటిల్ మూత
ఎవరినో తిడుతున్నట్టు కొట్టుకుంటోంది.
బల్ల మీద పద్నాలుగేళ్ల ల్యాప్‌టాప్.
విరిగిన మూలని నీలం వలతాడుతో కట్టారు.

లినక్స్ ఎక్కించాను, ఎక్కింది.
తెర మాత్రం వెలగలేదు.
ఆ నలుపులో పై మూలన ఒక చిన్న గీత
ఉన్నాను, లేను, ఉన్నాను అంటోంది.
బూట్ లైను చివర ఒక్క మాట చేర్చి
మళ్లీ ఆన్ చేస్తే
మంచులోంచి పడవ తేలినట్టు రంగు తేలింది.
ఓర్ఫెలినా చప్పట్లు కొట్టింది.
తొందరపడింది.

వైఫై కార్డుకి ఫర్మ్‌వేర్ కావాలి.
ఫర్మ్‌వేర్ నెట్‌లో ఉంది.
నెట్‌లోకి వెళ్లాలంటే వైఫై కావాలి.
పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు,
పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు.
చివరికి ఆమె ఫోనుకే కేబుల్ తగిలించి
చుక్కచుక్కగా తోడుకున్నాం.
అదీ మొదట ఒప్పుకోలేదు.
లోపల నాణెమంత బ్యాటరీ చచ్చిపోయి
యంత్రం తనింకా రెండువేల పదిలోనే ఉన్నాననుకుంటోంది,
ఇవాళ్టి సంతకాలేవీ నమ్మదట.
"ఆ ఏడు నోల్బెర్తో ఉన్నాడు," అంది ఓర్ఫెలినా.
నేను స్క్రూలు లెక్కపెట్టాను. ఏడు. మళ్లీ ఏడు.

మధ్యాహ్నం తూనిక యంత్రం.
చిప్పల బస్తా పెడితే
బరువు తీగ వెంట నడిచొచ్చి
పట్టికలో కూర్చోవాలి.
పోర్టు కనిపిస్తోంది, తీగ బాగుంది,
గుమ్మం దగ్గరే ఎవరో చెయ్యడ్డం పెట్టారు:
పెర్మిసో దెనెగాదో.
అనుమతి లేదు.

ఈ దీవిలో పెర్మిసో అంటే
గడప ముందు బురదబూట్లు విదిలిస్తూ అనే మాట.
అన్నవాడు జవాబు కోసం ఆగడు,
లోపలున్నవాళ్లు అప్పటికే కుర్చీ జరిపేసి ఉంటారు.
కాదనడం ఆ మాటలో లేదు.
అందుకే తెర మీద దాని పక్కన రెండో మాట చూసి
ఓర్ఫెలినా మొహం చిన్నబోయింది,
యాభైమూడేళ్లలో మొదటిసారి
ఎవరో మొహమ్మీద తలుపు వేసినట్టు.

తర్వాత పాత డిస్కు.
డొక్కు పెట్టెలోంచి తీసి పక్కన తగిలించాను.
ఒక్కటే ఫోల్డరు, పేరు 'ఆటుపోట్లు'.
దీని యజమాని ఎవరని అడిగితే
పేరు చెప్పలేదు, అంకె చెప్పింది:
వెయ్యిన్ని మూడు.
ఆ అంకెకి ఒకప్పుడు పేరుండేది.
పేర్ల చిట్టా, మొన్న నేను చెరిపేసిన
పాత సిస్టమ్‌తో పోయింది.
తాళం మాత్రం తన మనిషిని
అంకె గుర్తుతో కాపలా కాస్తోంది.

నా దగ్గర రూట్ ఉంది.
ఒక్క లైను కొడితే
వెయ్యిన్ని మూడు నేనైపోతాను.
ఎంటర్ మీద వేలు పెట్టి
ఎందుకో ఆమె వైపు చూశాను.
ఆమె కెటిల్ దించింది.
కిటికీ పక్క కుర్చీ వైపు తిరిగి,
గుసగుసగా కాదు,
కంచె మీంచి పొరుగువాణ్ణి పిలిచినట్టు
"పెర్మిసో, నోల్బెర్తో," అంది.
కొట్టాను.

తేదీ, చంద్రుడు, నీటి ఎత్తు, బస్తాలు.
పన్నెండేళ్లు అంతే.
ఒక్క ఆగస్టు మంగళవారం దగ్గర మాత్రం
'ఓ.కి రెండు రొట్టెలు బాకీ.'
"మూడు," అంది ఓర్ఫెలినా.

తూనిక సంగతి మిగిలే ఉంది.
పోర్టు ముట్టుకోగల గుంపులో
ఆమె పేరు చేర్చాను.
అయినా కాదంటుంది, కబురింకా అందలేదు దానికి.
"ఒకసారి బయటికెళ్లి మళ్లీ రావాలి," అన్నాను.
లాగౌట్ గురించి అని చెప్పేలోపే
ఉన్ని పోంచో తగిలించుకుని
వానలోకి వెళ్లిపోయింది.

గడప మీద బూట్ల చప్పుడు.
కుర్చీ జరిపాను.
ప్రింటర్ సంగతి రేపు.